రెండు శ్రేయస్సుల నడుమ

మంచికిని చెడ్డకును నడుమ ఎన్నుకొనవలసి వచ్చినపుడు మనుష్యునకు కొఱవడునది సాధారణముగా జ్ఞానము కాదు, బలము. ఏది తగినదో అతడెఱుగును. ఎఱిగినదానిని ఆచరింపలేక బాధపడును. కాని రెండు మంచి మార్గములు ఎదుట నిలిచి, ఒక్కదానినే గ్రహింపుమనినపుడు బాధ వేఱు విధముగా నుండును. అచట బలము చాలదు. శాస్త్రములు మౌనము వహించినట్లు తోచును. పెద్దలు తలకొక మాట చెప్పుదురు. సద్బుద్ధి గలవారు గూడ అట్టి సమయమున తొట్రుపడుదురు. ఈ తొట్రుపాటును గూర్చి కొంచెము విచారింతము.

కొంతకాలము క్రిందట నాకు ఖరగ్‌పూర్ పోవుట తటస్థించెను. పశ్చిమ వంగదేశమునందలి ఈ రైల్వే పట్టణము తెలుగువారికి పరాయి ఊరు కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే వారి కాలమునుండియు శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములవారు పనికై వెడలి అచట స్థిరపడిరి. గోల్‌బజారులో నడచునపుడు ఒక దుకాణమున వంగభాషయు, ప్రక్క దుకాణమున హిందీయు, ఆ ప్రక్కను ఉత్తరాంధ్రపు యాసయు చెవినిబడును. ఆ బజారుకు సమీపముననున్న యొక గృహమున, సాయంకాలము గీతాప్రసంగము ముగిసిన పిదప, పదునెనిమిదేండ్ల యువకుడొకడు నాయొద్దకు వచ్చి నిలిచెను. వాని తండ్రి రైల్వే కర్మాగారమున ఫిట్టరు. పిల్లవాడు వైద్యవిద్యకై జరుగు నీట్ పరీక్షలో ఉత్తీర్ణుడై మంచి స్థానమును సంపాదించెను. అఖిల భారత కోటాలో విశాఖపట్టణపు ఆంధ్ర వైద్య కళాశాలయందొక సీటును, రాష్ట్రపు కోటాలో మేదినీపూర్ వైద్య కళాశాలయందొక సీటును వానికి లభించినవి. చేరుటకు గడువు కొన్ని దినములే యున్నది. “స్వామీజీ, రెండింటిలో ఏది ధర్మము?” అని అతడడిగెను.

ఆ ప్రశ్నకు ఇంటిలో నప్పటికే నాలుగు సమాధానములు సిద్ధముగా నుండెను. తండ్రికి విశాఖ యిష్టము. ఆ కళాశాల 1923లో స్థాపితమైనది, శతవర్షములు దాటినది, మేదినీపూర్ కళాశాల 2004లో ఆరంభమైనది. “నూఱేండ్ల చెట్టును విడిచి మొన్న నాటిన మొక్క క్రింద కూర్చుండుటయా?” అని ఆయన వాదము. నాయనమ్మకును విశాఖయే యిష్టము. కాని కారణము వేఱు. “మా అత్తవారు ఆ నేల వొదిలి ఇక్కడికొచ్చారు బాబూ. వీడైనా ఒకమాటు ఆ నేల మీద చదువుకోవాలి” అని ఆమె కన్నులు తుడుచుకొనెను. తల్లి మాత్రము మేదినీపూర్ అనెను. కంసావతీ నది దాటినచో చాలును, పదునైదు కిలోమీటర్లలోపలనే యున్నది. పిల్లవాడు వారము వారము ఇంటి అన్నము తినును. విశాఖ యన్ననో, సుమారు 760 కిలోమీటర్ల ప్రయాణము. మేనమామ యొక్కడు మధ్యేమార్గము చెప్పెను: “ఇప్పుడే ఏదియు తేల్చవలదు. గడువు ముగియువఱకు రెండింటిని చేతిలో నుంచుకొందము. చివరి దినమున చూచుకొందము.”

పిల్లవాని మాట ఎవరును అడుగలేదు. నేనడిగితిని. “నాకు రెండును మంచివే అనిపించుచున్నవి. ఒకటి ఎన్నుకొన్నచో రెండవది జీవితమంతయు నన్ను వెంటాడునేమో అని భయము” అని అతడు చెప్పెను.

ఈ మాటలో సమస్య యంతయు నున్నది. అతనిని బాధించుచున్నది కళాశాల కాదు. పోగొట్టుకొందునేమో యను భయము.

*

మొట్టమొదట ఒక విభాగము చేసికొనవలెను. ప్రతి నిర్ణయమునందును వ్యవహారబుద్ధికి చెందిన భాగమొకటియు, ధర్మబుద్ధికి చెందిన భాగమొకటియు నుండును. ఈ రెండింటిని కలిపివేయుటచేత మనకు సగము క్లేశము కలుగుచున్నది. ఖర్చెంత, వసతిగృహమెట్టిది, ఆసుపత్రికి వచ్చు రోగులెందరు, బోధకులు పాఠము చెప్పుటయందు శ్రద్ధ గలవారా, గ్రంథాలయ మెన్నిగంటలు తెఱచియుండును — ఇవి వ్యవహారమునకు చెందినవి. వీనికి సమాధానము ధ్యానమున దొరకదు. అచట చదువుచున్న విద్యార్థులను నలుగురిని అడిగినచో దొరకును. అడుగవలసినదానిని అడుగక, దైవము సూచించుగాక యని కూర్చుండుట భక్తి కాదు, సోమరితనము.

ఈ విచారణ చేసినచో భేదము మనమనుకొన్నంత పెద్దది కాదనియు తేలవచ్చును. దేశమునందలి వైద్య కళాశాలలన్నిటికి నేడు జాతీయ వైద్య కమిషన్ నిర్ణయించిన పాఠ్యక్రమ మొక్కటియే. నాలుగున్నర సంవత్సరముల చదువు, ఒక సంవత్సరపు ఇంటర్న్‌షిప్, వెరసి ఐదున్నర సంవత్సరములు ఎచటనైనను గడపవలసినవే. శరీరశాస్త్రమునకు విశాఖలో నొక హృదయము, మేదినీపూర్‌లో మఱియొక హృదయము లేదు. రెండు కళాశాలలకును పెద్ద ప్రభుత్వాసుపత్రులు అనుబంధముగా నున్నవి. రెండింటికిని బీదలు వత్తురు. విద్యార్థికి నిజమైన గురువు ఆ రోగియే కదా!

అయినను భేదము బొత్తిగా లేదనుట సత్యము కాదు. సంస్థ గొప్పతనము మాయ యని తేలికగా కొట్టివేయువారు, తలుపే దొరకనివారిని తలంపరు. 1882లో అబలా దాసు అను వంగయువతికి వైద్యము చదువవలెనని కోరిక గలిగెను. అప్పటికి కలకత్తా వైద్య కళాశాల స్త్రీలను చేర్చుకొనుట లేదు. ఆమె ఇల్లు విడిచి, భాష తెలియని మదరాసునకు వచ్చి అచటి వైద్య కళాశాలలో చేరవలసివచ్చెను. ఆరోగ్యము చెడి చదువు పూర్తికాకయే మరలిపోయెను. జగదీశ చంద్ర బోసుగారి ధర్మపత్నియై, అనంతర కాలమున స్త్రీవిద్యకై మిక్కిలి పాటుపడిన అబలా బోసు ఈమెయే. దగ్గఱ తలుపు తెఱచియుండిన ఆమె వైద్యురాలై యుండెడిదేమో! కనుక ఇంటికి సమీపముననుండుట, భాష తెలిసియుండుట, ఆరోగ్యము నిలుచుట — ఇవి అల్పవిషయములని తల్లిని మందలింపరాదు. రెండు తలుపులు తెఱచి పిలుచుచుండగా ఏ తలుపని బాధపడుట ఒక భాగ్యమనియు ఆ యువకుడు గ్రహింపవలెను.

*

ఇక ధర్మభాగము. శ్రేయస్సు వేఱు, ప్రేయస్సు వేఱు అని కఠోపనిషత్తునందు యముడు నచికేతునకు బోధించెను. నచికేతుడును బాలుడే, వానికిని కోరుకొనుమని అనేకములు చూపబడినవి. మనము ఈ బోధను విని, ప్రపంచమునందలి వస్తువులపై శ్రేయస్సు, ప్రేయస్సు అని చీటీలు అంటించియున్నట్లు భావింతుము. దూరము, కష్టము గలది శ్రేయస్సు. దగ్గఱ, సుఖము గలది ప్రేయస్సు అని లెక్క వేయుదుము. ఇది పొరపాటు. ఒకే కళాశాల ఒకనికి శ్రేయస్సు, మఱియొకనికి ప్రేయస్సు కావచ్చును. ప్రసిద్ధమైన పేరు తన పేరుచివర తగిలించుకొనవలెనని విశాఖకు పోవువానికి విశాఖ ప్రేయస్సు. తల్లి వండిపెట్టును, నేను నా బట్టలైన ఉతుకుకొననక్కఱలేదు అని మేదినీపూర్ చేరువానికి మేదినీపూర్ ప్రేయస్సు. తన వైద్యము రేపు ఎవరికి ఉపయోగపడవలెనో ఆలోచించి పోవువానికి రెండును శ్రేయస్సులే. భేదము ఎన్నుకొనువాని హృదయమునం దున్నది.

నేనా యువకునితో ఇట్లంటిని: “నాయనా, మూడు ప్రశ్నలు నిన్ను నీవే అడిగికొనుము. నీవే కళాశాలలో చదివితివో ఎవరికిని ఎన్నడును తెలియకుండునట్లైనచో నీవు దేనిని కోరుదువు? చదువు ముగిసిన పిదప నీ బల్ల ముందు కూర్చుండు రోగి ఎవడు, ఏ భాషలో తన బాధ చెప్పుకొనును? నీవు దేనినుండి పారిపోవుటకై దేనిని ఎన్నుకొనుచున్నావు?”

మొదటి ప్రశ్న కీర్తికాంక్షను తొలగించును. మూడవది భయమును బయటపెట్టును. కాని రెండవదానియందే వైద్యుని ధర్మము నిలిచియున్నది. ఆ యింటిలో నాలుగు అభిప్రాయములు వినబడెను గాని రోగిని ఎవరును తలంపలేదు. తండ్రి కీర్తిని, నాయనమ్మ పూర్వికులను, తల్లి బిడ్డ ఆరోగ్యమును, మేనమామ అవకాశమును తలంచిరి. వైద్యవిద్యలో చేరువానికి ఆ సీటు లభించుటకు కారణమైన మనుష్యుడు, వ్యాధిగ్రస్తుడు, ఆ సభలో లేడు.

*

చరిత్రలో ఇద్దరు మహావైద్యుల జీవితములు ఈ సందర్భమున స్మరింపదగినవి. ఒకరు వంగీయులు, ఒకరు మనవారు.

బిధాన్ చంద్ర రాయ్ 1901లో పందొమ్మిదేండ్ల వయస్సున శిబ్‌పూర్ ఇంజనీరింగు కళాశాలకును, కలకత్తా వైద్య కళాశాలకును దరఖాస్తు పెట్టెను. రెండింటను ఎన్నికయ్యెను. వైద్యమును గ్రహించెను. అచట ఆయన దారి సుగమము కాలేదు. ఒక బండి ప్రమాదమున ఆచార్యు డొకరికి అనుకూలముగా అసత్యసాక్ష్యము చెప్పనొల్లనందున ఎం.బి. పరీక్షలో తప్పింపబడెననియు, పిమ్మట ఎల్.ఎం.ఎస్. పట్టము పుచ్చుకొనెననియు చరిత్రకారులు వ్రాసిరి. 1909లో ఇంగ్లండునకు పోయి సెయింట్ బార్తలోమ్యూస్ ఆసుపత్రిలో చేరుటకు ముప్పది పర్యాయములు దరఖాస్తు చేయవలసివచ్చెనని చెప్పుదురు. చేరిన పిదప 1911 నాటికే అచటి రెండు మహాపట్టములను గైకొని స్వదేశమునకు మరలెను. ఆయన విడిచిన ఇంజనీరింగు మార్గము ఆయనను శపింపలేదు. అర్ధశతాబ్ది గడచిన పిదప, వంగరాష్ట్ర ముఖ్యమంత్రియై యుండగా, దేశమునందలి ప్రథమ సాంకేతిక విద్యాసంస్థ తమ రాష్ట్రమున నెలకొనవలెనని ఆయన పూనుకొనెను. అది 1951లో ఈ ఖరగ్‌పూర్ ప్రక్కననే, స్వాతంత్ర్య యోధులను బంధించిన హిజ్లీ నిర్బంధశిబిరమున ఆరంభమయ్యెను. ఆ సంస్థయందలి ఆసుపత్రి నేడును ఆయన పేరు ధరించియున్నది. ఇంజనీరు కాదగినవాడు వైద్యుడై, వైద్యుడైనవాడు ఇంజనీర్ల విద్యాలయమునకు తోడ్పడెను. మనము విడిచిన మంచి ఎటు తిరిగి, ఏ రూపమున మన చేతికి వచ్చునో మనమెఱుగము.

రెండవవారు భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. యౌవనమున ఆయనకు సన్న్యసింపవలెనని తీవ్రమైన కోరిక యుండెను. మదరాసులో రామకృష్ణ మఠమును ఆశ్రయించెను, తల్లి సమ్మతింపలేదు. తుదకు సన్న్యాసమును మాని వైద్యమును చేపట్టి మదరాసు వైద్య కళాశాలలో చేరెను. అచట శస్త్రచికిత్సా విద్యార్థిగా ఖద్దరు ధరించినందున ఆచార్యుని ఆగ్రహమునకు గుఱియయ్యెను, ఆయనకును ఎం.బి.బి.ఎస్. లభింపక ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను. సోదరులిద్దరు స్ప్రూ అను వ్యాధివలన మరణించిరి. ఆయుర్వేద కళాశాలలో పాఠములు చెప్పి, పిదప అమెరికా చేరి, లెడర్లే ప్రయోగశాలలో పరిశోధనకు నాయకత్వము వహించెను. ఫోలికామ్లము, బోదకాలు వ్యాధిని అరికట్టు హెట్రజాన్, టెట్రాసైక్లిన్ కుటుంబములో మొదటిదైన ఆరియోమైసిన్ — ఇవి ఆయన ఆధిపత్యమున వెలువడినవి. 1948లో ఆయన దేహము చాలించెను. సన్న్యాసాశ్రమము దొరకనందున సుబ్బారావుగారి జీవితము వ్యర్థమయ్యెననగలమా? తల్లి అడ్డగించిన ద్వారమును తలంచి ఏడ్చుచు కూర్చుండిన బోదకాలితో బాధపడు లక్షలమందికి ఏమి లభించియుండెడిది?

గమనింపుడు: ఇద్దరును ప్రసిద్ధమైన కళాశాలలలోనే చదివిరి, ఇద్దరికిని అచట అన్యాయమే జరిగెను, ఇద్దరును చిన్న పట్టముతోనే వెలుపలికి వచ్చిరి. కళాశాల వారికి విద్య నిచ్చెను. అసత్యము పలుకని నాలుకను, ఖద్దరు విడువని పట్టుదలను మాత్రము వారే వెంటగొనిపోయిరి. మఱియొక దృష్టాంతము గూడ కలదు. ఉపేంద్రనాథ బ్రహ్మచారి కాలాజ్వరమునకు యూరియా స్టిబమైన్ అను ఔషధమును 1920 ప్రాంతమున కనుగొనినది మహాప్రయోగశాలలో కాదు. కలకత్తా క్యాంప్‌బెల్ వైద్య పాఠశాలలో, విద్యుద్దీపము లేని, నీటి కొళాయి లేని యొక చిన్న గదిలో. పెద్ద పేరుగల తలుపు గుండ పోయినవారే పెద్ద పని చేయుదురను నియమమేదియు లేదు.

*

ఇపుడు మేనమామగారి సలహాను గూర్చి చెప్పవలెను. తక్కిన విషయములలో నేను అభిప్రాయము చెప్పలేదు. ఈ విషయమున మాత్రము సందేహమునకు తావు లేదంటిని.

రెండు సీట్లను గడువు చివరివఱకు చేతనుంచుకొనుట తెలివిగా కనబడును. అందు నష్టమెవరికి? కంటికి కనబడు నష్టమెవరికిని లేదు. కాని పట్టికలో ఈ యువకుని క్రింద మఱియొక పిల్లయో, పిల్లవాడో కలదు. ఏ పల్లెలోనో వారింటిలోను ఒక తండ్రి దినములు లెక్కించుచుండును. నీవు ఈ దినమే విడిచిన సీటు తరువాతి విడతలో వారికి చేరును. చివరి గడియలో విడిచినచో ఎవరికిని చేరక ఖాళీగా మిగులుటయు కలదు. అవసరమునకు మించినదానిని పట్టియుంచుట పరిగ్రహము. పరునకు చేరవలసినదానిని అడ్డగించుట, చట్టము ఒప్పినను, స్తేయమునకు చాల దగ్గఱ. అపరిగ్రహము, అస్తేయము అను యమములు సన్న్యాసులకే యని మనము తప్పించుకొందుము. అవి ఇట్టి చోటులనే గృహస్థుని పరీక్షించును.

పూర్వాశ్రమమును గూర్చి చెప్పుట సన్న్యాసికి ఉచితము కాదు. అయినను ఇది నా తప్పు గనుక చెప్పుచున్నాను. విశ్వవిద్యాలయమున చేరునపుడు నాకును రెండు విభాగములలో చోటు దొరకెను. దేనిని విడువలేక, రెండింటిని పట్టుకొని, చివరి సాయంకాలమున ఒకదానిని విడిచితిని. మా తరగతి మిత్రుడొకడు ఆ రెండవ చోటునకై వేచియుండెను. నేను విడిచిన పత్రము చేరునప్పటికి కార్యాలయపు తలుపులు మూసిరి. వాని సంవత్సరము పోయెను. అతడు నన్ను ఎన్నడును నిందింపలేదు. అదియే నాకు దుర్భరము. నా సందిగ్ధత నాయొక్కనిదే యని నేననుకొంటిని. మన సందిగ్ధత ఎన్నడును మనయొక్కరిదే కాదు.

*

ఎన్నుకొనిన పిదప చేయవలసిన సాధన మఱియొకటి కలదు. కర్మ మాత్రమే మన చేతిలో నున్నదనియు, ఫలమునందు అధికారము లేదనియు గీతాచార్యుడు చెప్పినదానిని మనము ఫలము వచ్చునపుడు తలంతుము, ఎన్నుకొనునపుడు తలంపము. ఎన్నికయు కర్మయే. దానిని శుద్ధమైన బుద్ధితో, తగిన విచారణతో, పరులకు హాని లేకుండ చేసినచో మన పని ముగిసినది. పిదప “ఆ రెండవదైనచో ఎట్లుండెడిదో” అని తలంచుట, ఫలమును దొడ్డిదారిని వెదకుటయే. ఊహలోని కళాశాలకు ఎండ లేదు, వాన లేదు, కఠినుడైన ఆచార్యుడు లేడు. దానితో పోల్చినచో ఏ నిజమైన కళాశాలయు నిలువదు.

ఖరగ్‌పూర్ స్టేషనుయందలి ప్లాట్‌ఫారము ఒకప్పుడు ప్రపంచమున మిక్కిలి పొడవైనదని ప్రసిద్ధి. విశాఖకు పోవు బండియు, మేదినీపూర్ పోవు బండియు ఆ స్టేషనునుండియే బయలుదేరును. ప్లాట్‌ఫారము ఎంత పొడవైనను దానిపై నడచినవాడు ఊరు చేరడు.

మఱునాడు ఉదయము ఆ యువకుడు తండ్రితో కూడ వచ్చెను. రాత్రి చాలసేపు మేలుకొని ఆలోచించెనట. “నేను తిరిగి ఈ ఊరిలోనే వైద్యము చేయవలెననుకొంటిని. ఇచటి రోగులు వంగభాషలో, హిందీలో, సంతాలీలో మాటలాడుదురు. నేను తెలుగు మాటలాడగలను గాని చదువలేను. మేదినీపూర్‌లోనే చేరుదును. విశాఖ సీటు నేడే విడిచెదను” అని చెప్పెను. తండ్రి మొగమున కొంత నిరాశ యున్నమాట నిజము. కాని ఆయన కుమారుని భుజముపై చేయి వేసి, “విడువవలసినది వెంటనే విడుచుటయే మంచిది” అనెను. నాయనమ్మకు మాత్రము అతడొక మాట యిచ్చెను: సెలవులలో తెలుగు చదువను వ్రాయను నేర్చికొని, ఆమెను ఆ నేలకు తోడ్కొనిపోవునట.

ఇదే సరియైన సమాధానమని పాఠకులు తలంపవలదు. అదే యింటిలో మఱియొక బాలుడు, రేపు శ్రీకాకుళపు పల్లెలలో పని చేయుదునను సంకల్పముతో విశాఖ బండి ఎక్కిన, వానిని గూడ నేనట్లే ఆశీర్వదించియుందును. వైద్య కళాశాలలనే కాదు. కొలువులు, ఊళ్లు, వృత్తులు — ఇట్టి రెండు మంచివాని నడుమ మనలో ప్రతివారును ఒకప్పుడు నిలువవలసినవారమే. ఆ సమయమున విచారింపవలసినదానిని విచారించి, ఎవరికై ఎన్నుకొనుచున్నామో వారిని తలంచుకొని, మనకు అక్కఱలేనిదానిని మఱియొకరికి చేరునట్లు సకాలమున విడిచి, పట్టుకొనినదానియందు పూర్ణమనస్సుతో ప్రవేశింతుము గాక!